కట్ట దిగిన చోట

నా కోడలికి పిట్టలంటే ప్రాణం. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే చాలు, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఏ చెరువు గట్టుకో పోతుంది. పెళ్లయి మా చిలకలూరిపేట ఇంటికి వచ్చి ఏడాది నిండలేదు. పోయిన చలికాలంలో ఒకరోజు, "అత్తయ్యా, ఈ ఆదివారం మీరూ రండి. సముద్రం పక్కన మడ అడవి, బాగుంటుంది" అంది. మా అబ్బాయికి మిల్లులో డ్యూటీ. కోడలు తనంతట తాను నన్ను ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు. కాదనలేకపోయాను.

నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఒకటే. అక్కడ బాత్రూం ఉంటుందా? ఆ మాట అడగడానికి నోరు రాలేదు. అందుకే ఆదివారం పొద్దున కాఫీ మానేశాను. మంచినీళ్లు కూడా ముట్టలేదు. బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో మింగాను. ఒంట్లో నీరంతా లాగేసే మాత్ర అది.

పిట్టలు చూసే బృందంతో కలిసి వెళ్లిన టెంపో దిగేసరికే పొత్తికడుపు బిగుసుకుపోయింది. గేటు పక్కన మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగొచ్చు. అడిగితే పదిమందికీ తెలుస్తుంది. ఊరుకున్నాను.

మమ్మల్ని తీసుకెళ్లినాయన రిటైరైన లెక్చరరు. మట్టికట్ట ఎక్కగానే అందరినీ ఆపి, "గట్టిగా మాట్లాడొద్దండి. ఎవరూ కట్ట దిగొద్దు. పిట్టలు మేత మీదుంటాయి" అన్నారు.

కోడలు బైనాక్యులర్స్ నా కళ్లకు పెట్టింది. "అదిగో అత్తయ్యా, గూడబాతు. ముక్కు కింద సంచి చూశారా?" చూశాను. ఎంత సంబరంగా చూపిస్తోందో! ఆ పిల్లతో ఈ సంగతి ఎలా చెప్పను?

పెళ్లయిన కొత్తలో మిరపకోతలకు వెళ్లేదాన్ని. చేలో ఒకరు అడ్డం నిలబడితే ఇంకొకరు కూర్చునేవాళ్లం. సిగ్గన్న మాటే ఉండేది కాదు. ఇక్కడ ప్యాంట్లూ బూట్లూ వేసుకున్న మగవాళ్లు, అందరి చేతుల్లో దూరాన్ని దగ్గరగా చూపించే అద్దాలు.

ఇక ఆగలేకపోయాను. "చెప్పులో రాయి పడింది, నువ్వు పదమ్మా" అని వెనకబడ్డాను. అందరూ మలుపు తిరిగాక కట్ట దిగి మడ పొదల చాటుకు వెళ్లాను.

లేచి చీర సర్దుకుని అడుగు వేస్తే కాలు పిక్క దాకా దిగబడింది. చెప్పు లోపలే ఉండిపోయింది. ఆపుకోలేక "అమ్మో" అని అరిచాను. పొదల అవతల మేస్తున్న ఎర్రకాళ్ల కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటి వెంట కట్ట మీది అద్దాలన్నీ ఇటు తిరిగాయి. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కొమ్మ పట్టుకుని, వాళ్ల ఎదురుగా నేను.

లెక్చరరుగారు గబగబా వెనక్కి వచ్చారు. "ఏంటమ్మా ఇది? దిగొద్దని చెప్పానా లేదా?"

"పిట్టను దగ్గరగా చూద్దామని దిగానండి."

"చదువుకున్నవాళ్లు మీరైనా చెప్పొద్దా?" అని ఆయన కోడలి మీదికి తిరిగారు.

కోడలు బురదలోకి దిగి నా చెయ్యి పట్టుకుంది. ఒక్కసారి నా మొహం చూసి, తల పైకెత్తి అందరికీ వినపడేట్టు, "పిట్ట కోసం కాదండీ. బాత్రూంకి వెళ్లారు. గేటు దగ్గర తాళం వేసుంటే ఆడవాళ్లు ఎక్కడికెళ్లాలి?" అంది.

తిట్లు ఎన్నయినా పడేదాన్ని. ఈ మాట అంతమంది మగాళ్లలో బయటపడటం కంటే ఆ బురదలోనే ఉండిపోవడం నయమనిపించింది.

ఆయన తల దించుకున్నారు. "సారీ అమ్మా" అని మగవాళ్లందరినీ ముందుకు నడిపించుకుపోయారు. వాళ్లు వెళ్లగానే మాతో వచ్చిన ఒకావిడ నెమ్మదిగా, "నాకూ పొద్దున్నించీ ఇదే అవస్థ. చున్నీ కాస్త అడ్డం పట్టుకుంటావా తల్లీ?" అని కోడలిని అడిగింది. ఆమె తర్వాత మరొకావిడ. నాకు ఊరట కలగాలి. కలగలేదు. నేను కట్ట మీద కూర్చుని, కొంగలు లేచిపోయిన మడుగు వైపే చూస్తున్నాను. మేము ఉన్నంతసేపూ అవి మళ్లీ అక్కడ వాలలేదు.

తిరుగుదారిలో టెంపోలో ఎవరి మొహమూ చూడలేకపోయాను. చీరాల దాటాక కోడలితో, "అంత గట్టిగా చెప్పాలా?" అన్నాను.

"మీరు చెయ్యని తప్పుకు మాట పడుతుంటే చూడలేకపోయానత్తయ్యా. బాత్రూం సంగతి మీకు ముందే చెప్పాల్సింది. నేను కూడా పొద్దున్నించీ నీళ్లు తాగలేదు."

బ్యాగులోంచి సీసా తీసి నాకిచ్చింది. సగం తాగి దానికిచ్చాను.

నెల తిరక్కుండానే మళ్లీ పిలిచింది. ఈసారి మంచి బాత్రూం ఉన్న చోటేనట, ముందే కనుక్కుందట. మోకాళ్ల నొప్పులన్నాను. నమ్మలేదు, బలవంతమూ చేయలేదు. ఒక్కతే వెళ్లింది.