మా నాయన చర్చిలో పాడిన పాట

దేవుడికిచ్చి చెడినవాడు లేడంటారు. నన్ను చూడలేదు గనక అంటారు. నేనొక బస్తా ఇచ్చి, ఒక పొట్టేలును పోగొట్టి, ఇంటిల్లిపాది తిండికి ఎసరు పెట్టాను. ఇచ్చిన చేతులు ఇవే, కావాలంటే చూసుకోండి.

అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏళ్లు. కదిరికి దగ్గర్లోని మా ఊళ్లో రెండేళ్లుగా వాన లేదు. రాని వాన రాకపోగా, ఆ వేసవి చివర్లో గాలి మాత్రం వచ్చి మా చర్చి పైకప్పు రేకులను లేపి పక్క చేలో పడేసింది. ఆ ఆదివారం పాస్టరయ్య గొంతు తగ్గించి చెప్పారు.

“ఈ కరువులో మిమ్మల్ని అడిగేదానికి నోరు రాలేదు. మనసుంటే గుప్పెడు గింజలైనా తెండి. లేకుంటే ఉత్తచేతులతో రాండి, ఎవురూ ఏమీ అనుకోరు.”

మా చర్చి పద్ధతి ఏమిటంటే, తెచ్చినవన్నీ ఆరాధన అయ్యాక వాకిట్లో పెట్టి వేలం వేస్తారు. కోడి గానీ, గుమ్మడికాయ గానీ, ఇచ్చినవాళ్ల పేరు మాత్రం చెప్పరు.

ఇక నాకు వారమంతా ఒకటే కుతూహలం. మా వీధిలో కూలికి పోయే సాలమ్మవ్వ ఉన్న రెండు కోళ్లలో ఒకటి ఇస్తానని చెప్పి, తనలో తాను నవ్వుకుంటూ తిరుగుతోంది. లేనప్పుడు ఇచ్చే మనిషికి ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? తెలుసుకోవాలంటే ఇవ్వాలి. ఇవ్వాలంటే ఉండాలి కదా! నాకంటూ ఏమీ లేదు. ఇంట్లో ఉన్నదల్లా నాయన విత్తనానికని డ్రమ్ములో దాచిన శెనక్కాయలు. వానే రానప్పుడు విత్తనమెందుకని నా తెలివి. అత్త సొమ్ము అల్లుడి దానమంటారే, మా ఇంట్లో నాయన సొమ్ము కొడుకు దానమైంది. శనివారం నాయన ఊళ్లోవాళ్ల గొర్రెలతో పాటు మాకున్న ఒక్క పొట్టేలునూ తోలుకుని వెళ్లగానే కాయలన్నీ గోనెసంచిలోకి మార్చి, చర్చి వరండాలో పెట్టి వచ్చాను. ఒట్టు, లోపల ఎంత బాగుందో చెప్పలేను.

ఆదివారం తెల్లవారేసరికి పడమట నల్లటి మబ్బు! రెండేళ్లు రాని మబ్బుకు ఆ రోజే తీరింది. నాయన ముఖం వెలిగిపోతోంది. వేలంలో కోడి పోయింది, గుమ్మడికాయ పోయింది, నా బస్తా వచ్చింది. నాయన లేచి వెళ్లి ఒక కాయ ఒలిచి నమిలాడు.

“ఏమప్పా ఇది! ఇత్తనానికి పనికొచ్చే కాయ. అచ్చం మన చేను కాయ మాదిరే ఉండాది. ఈ కరువులో ఇట్లాంటిది ఇచ్చినాడంటే, వాణ్ణి కన్న తండ్రి అదృష్టవంతుడు!”

ఆ అదృష్టవంతుడు ఆయనేనని చెబుదామని నోరు తెరిచాను. వెంటనే మూశాను.

వేలంలో ధర చెప్పడాన్ని మనవాళ్లు పాట పాడటం అంటారు కదా. స్తోత్రగీతాలకు పెదవి కూడా కదపని మా నాయన ఆ రోజు మొదటి పాట తనే ఎత్తుకున్నాడు.

“రెండు వేలు!”

“రెండు వేల నూరు!” అంది బస్టాండులో బోండాలు వేసే మరియమ్మత్త. ఆమెకు విత్తనాలతో పనిలేదు, చట్నీకి కావాలి. నాయన ఓడిపోతే మా చేనంతా ఆమె రోట్లో పడుతుంది. మెల్లగా ఆమె పక్కన చేరాను.

“అత్తా, ఆ కాయలు వద్దులే. చేదు.”

“ఇప్పుడే నమిలినా గదరా. పాలు కారతాండాయి.”

“అడుగున పురుగుండాది.”

“అడుగున పురుగుండేది నీకెట్ల తెలుసు?”

నాయన దగ్గరికి పరుగెత్తాను.

“నాయనా, చాలు. మన దగ్గర దుడ్లు యాడుండాయి?”

“దుడ్లు లేకుంటే పొట్టేలు లేదా? మబ్బు చూడరా! ఇంట్లో ఉండే ఇత్తనం కిందిచేనికి, ఇది పైచేనికి.”

“ఇంట్లో ఉండేది…”

“ఇత్తనం సంగతి నీకేం తెలుసు? పోయి కూచో!”

ఆ పొట్టేలును సంతలో అమ్మితేనే పంట వచ్చేదాకా మాకు తిండిగింజలు. నాయన గెలిస్తే పొట్టేలు పోతుంది, ఓడితే చేను పోతుంది. ముందు నుయ్యి, వెనక మా నాయన!

“నా పొట్టేలు!” అని అరిచాడు నాయన. మరియమ్మత్త చేతులెత్తేసింది. చట్నీకి పొట్టేలునెవరు పెడతారు?

“దాని ధర చానా ఎక్కువ గదప్పా,” అన్నారు పాస్టరయ్య.

“ఎక్కువుండేది దేవుని రేకులకయ్యా. ఎవడో పేరు కూడా చెప్పకుండా ఇంత ఇచ్చినాడు. నేను మాత్రం బేరమాడాల్నా?”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయను?

బస్తాను ఇంటికి నేనే మోశాను. నాయన కొత్త విత్తనాన్ని పాత విత్తనంలో కలుపుదామని డ్రమ్ము మూత తీశాడు. డ్రమ్ములోకి చూశాడు. బస్తాలోకి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“నువ్వేనా?”

“నేనే.”

“ఎందుకిచ్చినావురా?”

“లేనప్పుడు ఇస్తే ఎట్లుంటాదో చూద్దామని.”

కర్ర కోసం వెతుకుతాడనుకున్నాను. ఆయన బస్తా మీద చతికిలబడ్డాడు.

“ఎట్లుండింది?”

“నువ్వు పాట ఎత్తుకునేదాకా బాగానే ఉండింది నాయనా.”

“నాకూ బాగానే ఉండింది. ఈ మూత తీసేదాకా.”

సంగతి తెలిసి సాయంత్రం పాస్టరయ్య పొట్టేలును తోలుకొచ్చారు. నాయన తాడు అందుకోలేదు.

“మనసుతో ఇచ్చినా, వెనక్కి తీసుకోను. కానీ అయ్యా, ఒక మాట. వాడిచ్చిందీ నాదే, నేనిచ్చిందీ నాదే. రెండూ నా పేరుకే చెప్పండి దేవునికి. వానికేమీ రాదు!”

మర్నాడు వాన పడింది, ఆ కాయలే వేశాం. పొట్టేలు తెచ్చిపెట్టాల్సిన గింజల కోసం నేను నాలుగు నెలలు ఉపాధి పనిలో గుంతలు తవ్వాను.

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేవుడికి ఏమిచ్చినా అది ఎవరిదో ముందు కనుక్కుంటాను. ఒకవేళ మరిచిపోయి ఇచ్చినా, వేలం ముగిసేదాకా నాయనను ఇంట్లో పెట్టి తాళం వేస్తాను.