గోడ బీట మీద గాజు పట్టీ

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ముప్ఫై ఏళ్లకు పైగా పాత కట్టడాలకు మరమ్మతులు చేయించినవాణ్ణి. ఎక్కడైనా చప్పుడు వినిపిస్తే ఎలుకో, చెదపట్టిన దూలమో అని వెతుకుతాను. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఎంత వెతికినా కారణం దొరకలేదు.

అరవైల చివర. కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో గది అద్దెకు తీసుకున్నాను. ఆర్కిటెక్టుగా మొదటి ఉద్యోగం. యూనివర్సిటీ ఆవరణలో ఒక పాత హాస్టల్ బాగుచేయించే పని నాకు అప్పగించారు. సెలవులు అయ్యేలోగా ముగించాలి.

మెట్ల పక్క గోడ నిలువునా బీటవారి ఉంది. బీట పెరుగుతోందో లేదో కనిపెట్టడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దాని మీద అడ్డంగా సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొనలూ గచ్చుతో అతికిస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. నాలుగు అంగుళాల పట్టీ కోయించి, పెయింటుతో సంతకం చేసి, నా చేత్తోనే అతికించాను.

రెండు వారాలైనా అది పగల్లేదు. మా పెద్ద మేస్త్రీ మల్లయ్య మాత్రం రోజూ గోడకు అరచేయి ఆనించి తల ఊపేవాడు.

"సారూ, గోడ నడుస్తున్నది. మీ గాజు అబద్ధం చెప్తున్నది."

గాజుకు అబద్ధమేమిటని కసిరాను. మర్నాడు పట్టపగలు వెళ్లి చూద్దును కదా, మొన్నటిదాకా పోస్టుకార్డు అంచు కూడా పట్టని బీటలో నా బొటనవేలు దూరింది. గాజు మీద గీత కూడా లేదు. టేపు పెట్టాను. అయిదు అంగుళాలు! సంతకంలో అక్షరాలు సాగి ఉన్నాయి. మల్లయ్య చేత కూడా కొలిపించాను. అయిదే.

పరుగున వెళ్లి మా పెద్ద ఇంజనీరును తీసుకొచ్చాను. ఆయన బీట వైపు చూడనైనా లేదు. గాజును వేలితో తట్టి, "పగల్లేదు కదా! ఇంకా నీ గోలేందయ్యా? సోమవారం పిల్లలు దిగుతున్నారు. గోడ బాగుందని సంతకం పెట్టు," అన్నాడు.

"బీట చూడండి సార్."

"రూలు గాజునే చూడమన్నది."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే పళ్లు కొరుక్కుంటాను. ఆ గోడ పక్కనే కుర్రాళ్లు మంచాలు వేసుకోబోతున్నారు! ఆయన వెళ్లగానే మల్లయ్య చేతిలో సుత్తి లాక్కుని గాజు మీద ఒక్కటి వేశాను. నాలుగు ముక్కలైంది. "గాజు పగిలింది" అని రిపోర్టు రాసి, ముక్కలు కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి ఆఫీసుకు పంపాను. నేను రాసిన దొంగ రిపోర్టు అదొక్కటే. రూలు రూలే కాబట్టి పెద్దాయన తిట్టుకుంటూ హాస్టల్‌కు తాళం వేయించాడు.

సోమవారం పొద్దున గోడ కూలింది. లోపల ఎవరూ లేరు.

రాళ్లు ఎత్తిస్తుంటే మల్లయ్య ఏదో తెచ్చి చూపించాడు.

"సారూ, మీరు పలగ్గొట్టింది గిదే గద?"

గాజు పట్టీ. చెక్కు చెదరలేదు. నా సంతకం మామూలుగానే ఉంది. కొలిస్తే నాలుగు అంగుళాలు.

పెద్దాయన అప్పటికప్పుడు ఆ కవరు తెప్పించి, అందరి ముందూ సీలు విప్పాడు. లోపల ఏమీ లేదు. కూలిన గోడ ముందే నిలబడి, పట్టీని నా ముఖం ముందు ఆడించాడు.

"చూసినవా? పగల్లేదు!"

సాయంత్రానికి మెమో వచ్చింది. పగలని గాజును పగిలిందని ఎందుకు రాశావో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆ కోపంతో తెల్లకాగితం ముందు కూర్చున్నాను. ఏం రాయాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.