వరహాలమ్మ గారి టీవీకి ఒక రూల్

2022లో అనకాపల్లిలోని ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్ నుంచి నాకు పిలుపు వచ్చింది. కింద ల్యాబ్, మేడ మీద కాపురం. ఆఫీసులకు నెట్‌వర్క్ వైర్లు లాగి రూటర్లు పెట్టడం నా పని. ల్యాబ్ నడిపే సత్యారావు గారు మా నాన్నకు స్నేహితులు, నాకు బాబాయ్.

రోజూ పదిన్నర అయ్యేసరికి రిపోర్టుల ప్రింటర్ ఆగిపోయేది. మాడుగుల బస్సు అందుకోవాల్సిన వాళ్లు రిపోర్టుల కోసం కూర్చుని విసుక్కునేవారు. గంటసేపు వెతికితే దొంగ దొరికాడు. మేడ మీద టీవీ పెట్టగానే, ప్రింటర్‌కున్న ఐపీ అడ్రస్‌నే అదీ తీసుకుంటోంది. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఇంటి నంబరు లాంటిది. ఒకే నంబరుతో రెండిళ్లుంటే ఉత్తరం ఎటు పోతుందో చెప్పలేం.

ఇల్లూ ఆఫీసూ కలిపి ఉంచితే ఇలాంటివి తప్పవు, విడదీసేద్దాం అన్నాను. కొత్త వైర్డ్ రూటర్ పెట్టి ల్యాబ్‌కు వేరే సబ్‌నెట్ ఇచ్చాను, అంటే వాళ్ల నంబర్ల వరసే వేరు. మేడ మీది నుంచి ఏదీ ల్యాబ్‌లోకి రాకుండా ఫైర్‌వాల్ రూల్ రాశాను. ప్రింటర్ గడగడా పనిచేసింది. నాకు నేనే శభాష్ అనుకుంటూ వచ్చేశాను.

మూడో రోజు బాబాయ్ ఫోన్ చేశారు.

"ప్రింటర్ బాగుంది బాబూ. మీ పిన్నే బాగులేదు. రెండ్రోజులై నాతో మాటల్లేవు. టీ కూడా రాట్లేదు."

"ఏమైందని అడగలేదా?"

"నేనేటి సేసేనని అడుగుతాను?"

వెళ్లాను. పిన్ని వరహాలమ్మ గారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. పదిన్నరకు ఆవిడ టీవీలో పెట్టేది సీరియల్ కాదట, ల్యాబ్ కెమెరా. నమూనాలు తీసే పని తెమిలాక బాబాయ్ కెమెరాకేసి రెండు వేళ్లు చూపిస్తారు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్టలో టీ ఫ్లాస్కు దిగుతుంది. ఇదంతా నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కెమెరా ల్యాబ్ వైపు ఉండిపోయింది, టీవీ ఇంటి వైపు. బాబాయ్ రెండు రోజులు వేళ్లు చూపిస్తూనే ఉన్నారు.

"నేను సూత్తన్నానని ఆయనకి ఇబ్బందయ్యిందేమో," అన్నారు పిన్ని. "నోటితో సెప్తే నేనే సూడ్డం మానేసేదాన్ని కదా. ఇలా నీసేత ఆపించెయ్యాలా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆయనకేమీ తెలీదు పిన్నీ. చేసింది నేను."

ఆ టీవీకి మారని నంబరొకటి ఇచ్చి, ఆ నంబరు నుంచి ఒక్క కెమెరా వరకే దారి వదులుతూ ఇంకో రూల్ రాశాను. పది నిమిషాల పని. బొమ్మ రాగానే పిన్ని కుర్చీ టీవీ దగ్గరకు లాక్కున్నారు. చాలాసేపు చూశారు.

"ఎలా సిక్కిపోయేరో సూడు, రెండ్రోజుల్లో."

ఇద్దరూ రాత్రిళ్లు ఆ మేడ మీదే ఉన్నారు కదా అని నేను అనలేదు. ఇప్పుడు ఎక్కడ రూటర్ పెట్టినా, ఏయే మిషన్లున్నాయో రాసుకున్నాక, ఇక్కడ ఎవరు ఎవర్ని చూసుకుంటారని కూడా అడుగుతాను. చాలామంది నవ్వుతారు. జవాబు చెప్పేదాకా నేను రూల్ రాయను.