దీవెనమ్మ మేడమ్ గుడ్డురొట్టె రికార్డు

ఎయిర్ ఫ్రయర్ ఆగేటప్పుడు టింగుమని ఒక చిన్న చప్పుడు చేస్తుంది. ఆదివారం పొద్దున తార్నాకలోని మా ఇంట్లో ఆ చప్పుడు వినబడగానే, దాని వెనకాలే ఎర్రబడిన పంచదార, గుడ్డు, ఏలకులు కలిసిన వాసన హాల్లోకి నడిచి వస్తుంది. చేతిలో పేపరు ఏ పేజీలో ఉన్నా పక్కన పెట్టి లేస్తాను. మా ఆవిడ దాన్ని ఫ్రెంచ్ టోస్ట్ అంటుంది. నేను గుడ్డురొట్టె అనే అంటాను. నాకు దాన్ని మొదట తినిపించిన మనిషి అలాగే అనేవారు. ఆవిడ దీవెనమ్మ. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినప్పుడు మా ల్యాబ్ అసిస్టెంటు. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని కూర్చున్నాను. నేను కోతలరాయుణ్ణని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు కనుక ముందే ఒక మాట: ఎక్కడ కోశానో అక్కడ నేనే చెప్పేస్తాను. మిగిలినదంతా జరిగినదే.

మేడమ్‌ది రేపల్లె. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం కోసం ఒంటరిగా హైదరాబాదు వచ్చి, క్యాంపస్‌లోని మా డిపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ప్రొఫెసర్లకు సిద్ధాంతాలు తెలుసు. ఏ గాజు గొట్టం కారుతుందో, ఏ త్రాసు అబద్ధమాడుతుందో ఆవిడకే తెలుసు. తెల్లకోటు, ఎడమచేతికి మగవాళ్ళ వాచీ, జేబులో ఎప్పుడూ ఒక పటకారు. అడిక్‌మెట్ అద్దె గదుల నుంచి టిఫిను తినకుండా పరుగెత్తుకొచ్చే మాలాంటి వాళ్ళ కోసం స్టీలు డబ్బాలో గుడ్డురొట్టెలు తెచ్చేవారు. ల్యాబులో తినడం నేరం కాబట్టి వరండాలో నిలబెట్టి పంచేవారు. "చేతులు కడిగావా? సబ్బుతోనా, నీళ్ళతోనా?" అని అడిగి, వేళ్ళు వాసన చూసి మరీ పెట్టేవారు. చల్లారిన రొట్టె అంత రుచిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ల్యాబులోనే ఒకనాడు నేను దొరికిపోయాను. బ్యూరెట్ అని గీతలున్న పొడవాటి గాజు గొట్టం ఉంటుంది. అందులోంచి చుక్క చుక్క వదిలి, కింద ద్రవం రంగు మారగానే ఏ గీత దగ్గర ఆగిందో రాసుకోవాలి. అలా మూడుసార్లు చేయాలి. నేను పక్కవాడికి వచ్చిన అంకె చూసి, మూడు గళ్ళలోనూ అదే దించేసి చాయ్‌కి పోయాను. తిరిగి వచ్చేసరికి మేడమ్ నా రికార్డు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మూడుసార్లూ పది పాయింట్ రెండేనా?"

"అవును మేడమ్. చెయ్యి కుదిరింది."

"మా చర్చిలో నలుగురు లేచి ఒక్క సంగతికి సాక్ష్యం చెబితేనే నాలుగు రకాలుగా ఉంటుంది. నీ చేతికింత నిలకడ ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. మా తాత నిజాం కాలంలో అత్తరు కొట్టులో చుక్కలు కొలిచేవాడనీ, ఆయన చుక్క వదిలితే గడియారమే ఆగి చూసేదనీ, ఆ చెయ్యే నాకు వచ్చిందనీ ఎత్తుకున్నాను. ఇది కోత. మా తాత బౌద్ధనగర్‌లో సైకిళ్ళకు పంచర్లు వేసేవాడు. మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుని చివరిదాకా విన్నారు. నవ్వారు కూడా. "కథ బాగుంది. పది రెట్లు నీళ్ళు కలిపినా చిక్కగానే ఉంటుంది. ఇప్పుడు పోయి మూడుసార్లూ చెయ్యి" అన్నారు. చేశాను. పది పాయింట్ ఆరు, తొమ్మిది పాయింట్ తొమ్మిది, పది పాయింట్ మూడు. సిగ్గుతో చూపిస్తే టిక్కు పెట్టి, "ఇవీ మనిషి చేసిన రీడింగులంటే" అన్నారు. మా ప్రొఫెసరు సారుకు చెప్పలేదు. వెళ్ళబోతుంటే మాత్రం వెనక్కి పిలిచారు. "నోటితో ఎంతైనా కొయ్యి, నాకిష్టమే. రికార్డులో మాత్రం కొయ్యకు."

ఆ తర్వాత నేను హబ్సిగూడలో ఒక కాలేజీలో లెక్చరర్నయ్యాను, తార్నాకలో ఇల్లు తీసుకున్నాను. మేడమ్ రిటైరై మా ఇంటి వెనక రెండు గల్లీల అవతల చిన్న ఫ్లాటులో ఉండేవారు. పొద్దున కూరగాయల బండి, సాయంత్రం చర్చి, మధ్యలో పాత విద్యార్థుల రాకపోకలు. ఆ ఫ్లాటంటే ఆవిడకు ప్రాణం. ఇంతలో పక్షవాతం కొద్దిగా తాకి వదిలేసింది. కుడిచేతిలో వణుకు మిగిలింది. ఒక పొద్దున పాలు దించబోతే చేతిగుడ్డకు మంట అంటుకుంది. పై అంతస్తు వాళ్ళు వచ్చి ఆర్పారు. కబురు తెలిసి రేపల్లె నుంచి చెల్లెలు కరుణమ్మ దిగింది. ఆవిడ రిటైరైన స్కూలు టీచరు. గొంతులో ఇంకా బెత్తం ఉంది.

"అక్కా, ఇక ఈ ఒంటరి కాపురం చాలు. సామాను సర్దు. మా ఇంట్లో నీకొక గది ఉంది."

"మీ ఇంట్లో గది ఉంది. మా ఇంట్లో నేనున్నాను."

"గ్యాసు దగ్గర నిలబడలేవు. ఏం తిని బతుకుతావు?"

చూసి రావడానికి వెళ్ళిన నేను నోరు మూసుకోలేకపోయాను. "గ్యాసు లేకున్నా అయితదమ్మా. మా ఇంట్ల ఒక మిషిన్ ఉన్నది. మంట లేదు, పొగ లేదు, ఒట్టి గాలితోని వండుతది."

"గాలితో వంటా? నీ మాటల్లాగే ఉంది నీ మిషను" అంది కరుణమ్మ. తర్వాత అక్క వైపు తిరిగింది. "సరే. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ వస్తా. గ్యాసు ముట్టకుండా, నీ చేత్తో నువ్వు, అమ్మ చేసే గుడ్డురొట్టె చేసి పెట్టు. చేశావా, నోరు మూసుకుని నా బస్సు నేనెక్కుతా. చేయలేదా, నువ్వూ నాతో ఎక్కుతావు." అని సిలిండరుకు రెగ్యులేటరు ఊడదీసి, హ్యాండుబ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది.

మా ఆవిడ సేల్లో కొని ఫ్రిజ్ మీద పెట్టి మరచిపోయిన ఎయిర్ ఫ్రయర్ ఆ సాయంత్రమే మేడమ్ భోజనాల బల్ల ఎక్కింది. ఆవిడ దాని బుట్ట లాగి, లోపలికి తొంగి చూసి, పైనున్న ఫ్యానును గమనించి, "ఓ, ఇది మన హాట్ ఎయిర్ ఓవెనే కదయ్యా. గాజు సామాను ఆరబెట్టేది" అన్నారు. వెంటనే పొడుగు నోటుబుక్కు తీయించారు. ఆవిడ చెప్పాలి, నేను రాయాలి. ఉద్దేశం: గ్యాసు లేకుండా గుడ్డురొట్టె చేయుట. పరికరాలు. విధానం. పరిశీలన. ఫలితం.

ఒకటో ప్రయోగంలో బుట్ట అడుగున వేసిన బటర్ పేపరు ఫ్యాను గాలికి లేచి పైనున్న వేడికడ్డీకి అంటుకుని నల్లబడింది. అది కిటికీలోంచి ఎగిరి హబ్సిగూడ మెట్రో స్టేషను దాటిందని నేను కాలేజీలో చెప్పాను గాని, అది కోత. రెండోసారి తాజా బ్రెడ్డును పాలల్లో ఎక్కువసేపు ఉంచితే బుట్ట చిల్లుల్లోంచి సేమ్యాలా దిగి, అక్కడే గడ్డకట్టింది. మూడోసారి చేసిన తప్పు ల్యాబ్ అసిస్టెంటు తప్ప ఇంకెవరూ చేయలేనిది. ల్యాబులో దేన్నైనా ఆరబెడితే తూచి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ తూచి, బరువు ఇక మారడం లేదనేదాకా వదలరు. మేడమ్ బల్ల మీద చిన్న త్రాసు పెట్టుకున్నారు.

"ఇంకా తగ్గుతోంది. అంటే తడి ఉన్నట్టే. మళ్ళీ పెట్టు."

"మేడమ్, గిప్పటికే ఎర్రగయింది."

"రంగు సంగతి అడగలేదు. బరువు చెప్పు."

ఏడుసార్లు పెట్టించారు. ఏడోసారికి అంకె కదల్లేదు. "స్థిర భారం వచ్చింది" అన్నారు గర్వంగా. నేను ఆ ముక్క తీసి బల్ల మీద కొట్టాను. టక్కుమంది.

"గిది రొట్టె కాదు మేడమ్, రస్కు. దీంతోని గోడకు మేకు కొట్టొచ్చు."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ముప్పై ఏళ్ళు ఆరబెట్టిన చెయ్యి కదా. తడి కనబడితే ఊరుకోదు." ఆ రోజు పేజీలో అలాగే రాయించారు: తప్పు, ల్యాబు అలవాటు. రొట్టెలో తడి ఉండనివ్వవలెను.

అలా ఒక్కొక్కటీ తెలుస్తూ వచ్చింది. బ్రెడ్డు నిన్నటిదై ఉండాలి. ఒక గుడ్డు, పావు గ్లాసు పాలు, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఏలకుల పొడి. ఒక్కో వైపు మూడు లెక్కపెట్టేంతసేపే ముంచాలి. బుట్టకు నెయ్యి రాయాలి. నూట ఎనభై డిగ్రీల మీద నాలుగు నిమిషాలు, తిప్పి ఇంకో మూడు. వణకని ఎడమచేత్తో పటకారు పట్టడం నేర్చుకున్నారు. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా కుడిచేత్తో చేసిన పనిని ఎడమచేతికి మళ్ళీ ఒకటో తరగతి నుంచి చెప్పుకుంటుంటే నేను పక్కన కూర్చుని చూశాను. విసుక్కోలేదు. గుడ్డు పగిలి బల్ల మీద పడితే తుడిచి, "రాయి" అనేవారు.

ఆరో ప్రయోగం నాడు నేను కాలేజీ నుంచి వెళ్ళేసరికి బుట్టలో చల్లారిన రొట్టె ఉంది. ఒకవైపే కాలింది.

"పొద్దున తొమ్మిదింటికి పెట్టి కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం. పెట్టానన్న సంగతే గుర్తు లేదు. రాయి."

నేను పెన్ను పక్కన పెట్టాను. "మేడమ్, గిది మాత్రం రాయొద్దు. కరుణమ్మగారు చూసిన్రంటే ఖతం."

"జరిగిందా లేదా?"

"జరిగింది గని, ఎవరు చూసిన్రు? ఐదు తర్వాత ఏడు వేస్తా."

"అబ్బాయ్" అన్నారు. అంతే. గొంతు కూడా పెంచలేదు. రాశాను: తొమ్మిది గంటలకు పెట్టి, మరచి నిద్రపోతిని. యంత్రము దానంతట అదే ఆగినది. ఏమియు కాలలేదు. నేను రాస్తుంటే ఆవిడ ఆ చల్లటి రొట్టె తినేసి, "తినదగినదే. అది కూడా వెయ్యి" అన్నారు.

ఆదివారం వచ్చింది. కరుణమ్మ బస్సు దిగి, చెప్పులు కూడా విప్పకముందే వంటింట్లోకి పోయి గ్యాసు చూసుకుని వచ్చింది. మేడమ్ కోటు వేసుకోలేదు గాని, కోటు వేసుకున్నట్టే నిలబడ్డారు. గుడ్డు పెంకు ఒకటి గిన్నెలో పడింది. దాన్ని ఏరడానికి చాలాసేపు పట్టింది. తిప్పేటప్పుడు ఒక రొట్టె మధ్యకు చిరిగింది. ఇంకోదాని అంచు నల్లబడింది. నాకు భయం వేసింది. నిజానికి ఆ భయం నాకు ముందు రోజు నుంచే ఉంది. అందుకే మా ఇంట్లో పెనం మీద నాలుగు రొట్టెలు బంగారంలా చేసుకుని టిఫిను డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. మేడమ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. కరుణమ్మ వరండాలో ఉంది. నేను పళ్ళెంలోవి డబ్బాలోకి, డబ్బాలోవి పళ్ళెంలోకి మార్చేశాను.

కరుణమ్మ ఒకటి తిన్నది. ముఖం మెత్తబడింది. "అచ్చం అమ్మ చేసినట్టే ఉందక్కా. అంచు కూడా చెదరలేదు."

మేడమ్ పళ్ళెం వైపు చూశారు, తర్వాత నా వైపు. "అవి నావి కావు. అబ్బాయ్, డబ్బా తియ్యి."

తీశాను.

"చిరిగినది నాది. మాడినదీ నాదే. అవి తిను."

కరుణమ్మ కళ్ళజోడు సర్దుకుని నన్ను నిదానంగా చూసింది. "ఎంతదాకా చదివావయ్యా నువ్వు?"

"ఎమ్మెస్సీ అమ్మా."

"ఏం చేస్తుంటావు?"

"పిల్లలకు చదువు చెప్త."

"పాపం పిల్లలు" అంది.

మేడమ్ ఇల్లు నా చేతులారా పోగొట్టానని నాకు అర్థమైంది. చెల్లెలు ఇక అక్క చెప్పే ఏ మాటా నమ్మదు. మేడమ్ మాత్రం నోటుబుక్కు తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. కరుణమ్మ పరీక్ష పేపరు దిద్దినట్టు మొదటి పేజీ నుంచి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. బటర్ పేపరు దగ్గర ముక్కు విరిచింది. స్థిర భారం దగ్గర పెదవి బిగబట్టుకుంది. ఆరో ప్రయోగం దగ్గర వేలు ఆగిపోయింది. నేను గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను.

"మరచిపోయావా?"

"మరచిపోయాను."

"మధ్యాహ్నం దాకా?"

"మధ్యాహ్నం దాకానే."

"మరి ఏమీ కాలలేదా?"

"రొట్టె కూడా సరిగ్గా కాలలేదు."

కరుణమ్మ ఆ పేజీ మీంచి వేలు తీసింది. "నేను మరచిపోనే అని నువ్వు వందసార్లు చెప్పినా నమ్మేదాన్ని కాదక్కా. నీ మతిమరుపు గురించే నాకు బెంగ. మరచిపోయిన రోజు ఏమైందో ఇందులో ఉంది కాబట్టి మిగతాదీ నమ్ముతున్నా." చిరిగిన రొట్టె అందుకుని తినడం మొదలుపెట్టింది. "ఏలకులు తక్కువయ్యాయి" అంది. సాయంత్రం బస్సు ఒక్కతే ఎక్కింది. రెగ్యులేటరు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మేడమ్ ఆ ఫ్లాటులోనే ఇంకా రెండేళ్ళు ఉన్నారు. చేపముక్కలు, చిలగడదుంపలు, ఒకసారి ధైర్యం చేసి బొబ్బట్టు కూడా, అన్నీ ఆ గాలి మిషన్లోనే. వాటి రికార్డు ఎడమచేత్తో తనే రాసుకునేవారు. ఒకరోజు ఆవిడే రేపల్లెకు ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. "కరుణా, వారం నుంచి ఎడమచేత్తో కూడా పటకారు పట్టలేకపోతున్నాను. రోజూ ప్రయత్నించి చూశాను. వచ్చి తీసుకెళ్ళు." ఎవరూ బలవంతం చేయలేదు, ఆవిడ బదులు ఎవరూ నిర్ణయించలేదు. సామాను సర్దుతుంటే మిషన్ను తుడిచి నా చేతికిచ్చారు. ఏడుపు వచ్చింది నాకే. మరుసటేడు చెల్లెలి ఇంట్లోనే పోయారు.

పోయిన నెల మా కాలేజీ ల్యాబులో ఒకమ్మాయి రీడింగు సరిచూడమని పిలిచింది. తలుపు దగ్గర నిలబడే బ్యూరెట్ గీత చదివేయగలనని మా పిల్లలు నమ్ముతారు. ఆ పుకారు పుట్టించింది నేనే. దగ్గరికి వెళ్ళి వంగాను. గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అలాగే ఉన్నాయి. నాలుక చివరిదాకా ఏదో ఒక అంకె వచ్చింది. చెప్పి ఉంటే ఆ అమ్మాయి రాసుకునేది.

"నాకు కనబడుతలేదమ్మా. నువ్వే చదువు" అన్నాను.

జోకనుకుని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. వంగి చదివింది. ఆమె రికార్డులో ఆ అంకె వేసి, పక్కన నేనే రాశాను: చదివినది విద్యార్థిని, నాకు కనబడలేదు. కింద సంతకం పెట్టాను.