నామం కింది మచ్చ

డెబ్బైల చివర్లో తిరుపతిలో నేను స్పర్శ మీద పరిశోధన చేసేదాన్ని. వేలికి తగిలిన సంగతి నరాల గుండా మెదడుకు ఎలా చేరుతుందన్నది నా విషయం. పెద్ద పరికరాలేమీ లేవు. లావువీ సన్నవీ నైలాన్ దారాలు తెచ్చి అగ్గిపుల్లలకు అతికించుకున్నాను. మనిషిని కళ్లు మూసుకోమని, దారం కొసను వేలికి ఆనించి, తగిలితే చెప్పమనేదాన్ని. ఎంత సన్నటి దారం తెలిస్తే ఆ వేలు అంత చురుకైనదన్నమాట. పాకాల రైలెక్కి కుమ్మరుల దగ్గరికి, చంద్రగిరిలో బుట్టలల్లేవాళ్ల దగ్గరికి పోయి ఎంతమంది చేతులు పట్టుకున్నానో లెక్కలేదు.

ఇంట్లో ఉన్న చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

మా నాయన ఒక చిన్న పెరుమాళ్ల గుడి వంటశాలలో ప్రసాదం వండేవాడు. తెల్లవారుజామున స్నానం చేసి మడి కట్టుకున్నాడంటే, నైవేద్యం అయ్యేదాకా ఆయన్ని ఎవరమూ తాకకూడదు. చిన్నప్పుడు నేను గుమ్మం దగ్గర దోసిలి పడితే, జానెడు ఎత్తు నుంచి పొంగలి వదిలేవాడు. "ఊదుకోని తినమ్మా" అనేవాడు. సాయంత్రం మళ్లీ మడి. మధ్యలో మిగిలిన పొద్దులో ఆయనకు నిద్ర, నాకు బడి. తాకకుండా ఉండటం మాకు అలవాటైపోయింది.

ఆయన ఉడుకుతున్న గుండిగను గుడ్డ లేకుండా దించేవాడు. వీధిలో అదొక గొప్ప. "నిప్పు గూడా మీ నాయనకు మర్యాద ఇస్తాది" అని మురిసిపోయేది మా అమ్మ. వేడికి చర్మం ఎలా మొద్దుబారుతుందో చెప్పడానికి నేనూ నా నోటుపుస్తకంలో ఆయన్నే ఉదాహరణగా రాసుకున్నాను. చెయ్యి చూడకుండానే! వీధివాళ్లకు తెలియదు సరే, నాకేం తెగులు?

ఒక మధ్యాహ్నం ఆయన గుడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుడిచేతి చిటికెన వేలి పక్కన చర్మం ఊడి వేలాడుతోంది.

"అయ్యో, ఎప్పుడు కాలిందిది?" అని కేకేసింది అమ్మ.

ఆయన ఆ వేలును తిప్పి తిప్పి చూసుకున్నాడు. "తెలీదే. గుండిగ దించేటప్పుడేమో."

"నొప్పి లేదా నాయనా?" అన్నాను.

"యాడుండాది నొప్పి? పొయ్యి కాడ ఇవన్నీ మామూలేలే."

అప్పటికి మడి విడిచి ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. మోచేతి వెనుక నరం లావుగా, గట్టిగా నా వేళ్లకు తగిలింది. నరం అలా ఉబ్బితే ఏ జబ్బుకు గుర్తో నేను చదువుకున్నదే. చెంబుతో నీళ్లు తెచ్చి, ఆయన మోచేతికి పైన, దండచేతి మీది నామాన్ని కడిగాను. రోజూ తెల్లటి తిరుమణితో దిద్దుకునే ఆ నామం కింద తమలపాకంత పాలిపోయిన మచ్చ. అంచులు బయటికి కనబడినా, తిరుమణి చెరిగిందనుకునేవాళ్లం.

కుష్ఠు. డాక్టరూ అదే అన్నాడు. మందులతో జబ్బు ఆగుతుంది, ఇంట్లో ఎవరికీ భయం లేదు, పోయిన స్పర్శ మాత్రం తిరిగిరావడం కష్టమన్నాడు. "రెండేళ్ల ముందు తీసుకొచ్చి ఉండాల్సింది" అన్నాడు. ఆ రెండేళ్లూ నేను పాకాల రైల్లో తిరుగుతున్నాను. అంత సిగ్గు నేను బతుకులో ఎన్నడూ పడలేదు.

నాయన తనే గుడికి పోయి సంగతి చెప్పి, గరిటె అప్పగించి వచ్చాడు. ఏడాది పాటు ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగాడు. వేళ్లకు తెలివి వస్తే మళ్లీ పొయ్యి దగ్గరికి పోవచ్చని ఆయన ఆశ. ఒకరోజు తనే అడిగాడు. "నీ దారాలు తేమ్మా. నాకు గూడా పెట్టి సూడు."

కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. సన్నటి దారం ఆనించాను. పలకలేదు. ఇంకొంచెం లావుది. పలకలేదు. అన్నిటికంటే లావుది వంగేదాకా నొక్కాను. ఆయన కళ్లు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఊహించి చెప్పేవాళ్లను పట్టుకోవడానికి, మా పద్ధతిలో అప్పుడప్పుడు దారం ఆనించకుండానే అడుగుతాం. నేను అందుకోసం అడగలేదు. దారం కింద పెట్టేసి, ఏం చెయ్యాలో తోచక అడిగాను.

"ఇప్పుడు?"

"తగిలిందమ్మా" అన్నాడు నాయన. "బాగా తెలస్తా ఉండాది. నువ్వు ఏడవగాకు."