డంపర్ బొమ్మకు రెండు మోటార్లు

మొన్న మా చిన్నమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కారు కోసం తెప్పించుకున్న పొట్లం విప్పితే, చక్రం లోపలే ఇమిడిపోయే బుల్లి మోటార్లు బయటపడ్డాయి; వాటిని అరచేతిలో పెట్టుకొని చూస్తుంటే ముచ్చట కలగాల్సింది పోయి పాత మంట ఒకటి రేగింది. మా బావకూ నాకూ బహుమతి దగ్గర చెడిందని మా గని కార్మికుల సెంటినరీ కాలనీలో ఈనాటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు.

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి మోసే పెద్ద డంపర్లకు వెనక చక్రాల్లోనే మోటార్లుంటాయని మా తరం వర్క్‌షాపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. నేను కొత్తగా ఎలక్ట్రీషియన్‌గా చేరినప్పుడు ఆ పని నేర్పింది మా అక్క భర్తే. రిపేరు చేసేవాడు స్విచ్చి ఆపి, తన పేరు రాసిన ఎర్రబిళ్ళను దానికి తగిలించాకే లోపల చెయ్యి పెట్టాలి. “నీ బిళ్ళ నువ్వే తియ్యాలె. మేనేజరొచ్చినా, నీ అయ్యొచ్చినా ఇంకోడు ముట్టద్దు. ముట్టినోడు మనిషే కాదు,” అనేవాడు బావ.

ఓ ఏడు గనుల రక్షణ వారోత్సవాల్లో నమూనాల పోటీకి పెట్టే స్టాలు కోసం ఇద్దరం డంపర్ నమూనా మొదలుపెట్టి, చక్రాల్లో పట్టే మోటార్ల కోసం గోదావరిఖని రేడియో రిపేరు కొట్లన్నీ తిరిగాం. టేపురికార్డరులోని మోటారైతే సరిపోతుందని తేలింది, ఒకటి దొరికింది కూడా. దాని జత మాత్రం ఎక్కడా లేదు, జత కలవకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది. చివరికి అదే రకం మోటారు మా పెళ్లికి వచ్చిన టేపురికార్డరులో ఉందని తెలిసి, “తీస్కపోండ్రి, పాటలు పక్కింట్లకెళ్లి వింట తియ్,” అని మా ఆవిడే ఇచ్చేసింది.

స్టాలు ముందురోజు ఒక చక్రంలో వైరు వేడెక్కుతోందని గమనించి, బొమ్మకైనా పద్ధతి పద్ధతే కనక దాని స్విచ్చికి నా పేరుతో చిన్న ఎర్రబిళ్ళ కట్టి సెకండ్ షిఫ్టుకు వెళ్లాను. నేను లేనప్పుడు ఆఫీసరెవరో వచ్చి బొమ్మ నడవడం చూస్తానన్నాడట. బావ నా బిళ్ళ తీసి కరెంటిచ్చాడు. కాలింది మా ఆవిడ ఇచ్చిన మోటారే. మర్నాడు నేను వెళ్లేసరికి చక్రాలు ఖాళీ, బండి నడుమ మిగిలిన ఒక్క మోటారు, దాన్నుంచి చక్రాలకో రబ్బరు బెల్టు. “మోటార్లు చక్రాలల్లనే ఉన్నయి సార్, మా బామ్మర్ది చేసిండు,” అని బావ అందరి ముందూ నా భుజం తట్టాడు. బహుమతి నా చేతిలో పెట్టారు. తీసుకున్నాను.

తరవాత బిళ్ళ సంగతి అడిగితే నవ్వాడు. “గా బొమ్మకేమన్న పానం పోతదా? గింతదానికి మూతి ముడుస్తవేందిరా బామ్మర్ది!”

ఆ వారమే అసలు డంపర్ చక్రంలో పని పడింది. స్విచ్చి దగ్గర ఉన్నది బావ అని గుర్తురాగానే లోపల పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. షిఫ్టు మార్పించుకున్నాను, కారణం ఎవరికీ చెప్పలేదు. బహుమతి గర్వంతో తన మొగుణ్ణి చిన్నచూపు చూశాననుకుని అక్క రాఖీ కట్టడానికి రావడం మానేసింది. ఆమెకైనా అప్పుడే చెప్పాల్సింది. ఆమె కాపురంలో మాట పడుతుందని ఊరుకుని, ఆమెనే దూరం చేసుకున్నాను.

ఇప్పుడు వర్క్‌షాపులో బిళ్ళకు తోడు తాళాలు వచ్చాయి, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులోనే. మంచిదే, ఎవరినీ నమ్మాల్సిన పని లేదు. కానీ స్విచ్చి దగ్గర మా అక్క మొగుడున్నాడన్న ధీమాతో, వెనక్కి తిరిగి చూడకుండా, భుజం దాకా చెయ్యి లోపల పెట్టిన ఆ తొలిరోజుల నిశ్చింత నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.