ముట్టని దారం

నేను కట్టుకథలు చెప్పే మనిషిని కాను. నలుగురిలో నోరు తెరవడమే నాకు కష్టం. ఇది డైరీలో రాసి, ఆ పేజీ మడిచేశాను. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా... మా అమ్మ మీద ఒట్టు, జరిగిందే.

విజయనగరంలో ఒక ఆసుపత్రి పరిశోధనలో పని చేస్తున్నాను. షుగరుతో కాళ్లు మొద్దుబారినవాళ్లకు మాస్కు పెట్టి, కాసేపు ఆక్సిజన్ తగ్గించిన గాలి, కాసేపు మామూలు గాలి ఇస్తాం. నరాలకు మేలు జరుగుతుందేమోనని. బిరుసైన నైలాన్ దారం కొసతో అరికాలు గుచ్చి, తెలుస్తోందా అని చూస్తాం.

వాళ్లలో సోములు తాత ఒకడు, నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి మానేసినవాడు. కుడి పాదానికి మానని పుండు. ఏ కాస్త స్పర్శ ఉన్నా ఆగుదాం, లేకపోతే పొద్దున్నే పాదం తీసేద్దాం అన్నారు డాక్టరుగారు.

పగలంతా కరెంటు లేదు. రాత్రి పదకొండుకు వచ్చాక, తాతకి పెడదామని మాస్కు చేతిలోకి తీసుకున్నాను.

"అదెట్టుకుంటే మాటాడలేను గదా పాపా, ఎలా సెప్పాల?"

"దారం తగిలితే వేలెత్తు తాతా."

"ఓస్, అంతేనా! మగ్గాల మోతలో ముప్పై ఏళ్లు సేతుల్తోనే మాటాడుకున్నాం. మేస్త్రీని తిట్టడం కూడా సైగే!"

మాస్కు పెట్టాను. కళ్లు మూసుకున్నాడు. మిషను... ఫుస్... ఫుస్... గది చివర బల్ల దగ్గర దారం పెట్టె తెరిచాను. తిరిగి చూస్తే... తాత చేతి వేలు లేచి ఉంది.

దిగింది. మళ్లీ లేచింది.

దగ్గరికి వెళ్లాను. దారం నా చేతిలోనే ఉంది... పాదానికి జానెడు దూరంలో. నేను కదలలేదు. కాలి బొటనవేలి కింద చర్మం... మెల్లగా... చుక్కంత లోపలికి నొక్కుకుంది. తాత వేలు లేచింది. సొట్ట పోయింది. వేలు దిగింది. తర్వాత మడమ మీద... సొట్ట. వేలు.

మాస్కు లాగేశాను.

"ఏటి పాపా, తీసేసినావు? తెలుస్తన్నాది... నా కాలు బతికినాది!" ఏడుస్తున్నాడు.

"నేనింకా ముట్టలేదు తాతా."

"నాతోటి యేళాకోళమేటే! సల్లటి సెయ్యి మడమ పట్టుకున్నాది. నీది కాదేటి?"

దారంతో పదిచోట్ల గుచ్చాను. వేలు ఒక్కసారీ లేవలేదు.

పల్చటి గాలికి తాత భ్రమపడ్డాడేమో. కానీ నేను పీల్చింది మామూలు గాలే... ఆ సొట్టలు చూసింది నేనే.

పొద్దున్న డాక్టరుగారు అడిగారు, "స్పర్శ ఉందా?" తాత నా మొహమే చూస్తున్నాడు.

"ఉంది సార్" అన్నాను.

కోత వాయిదా పడింది. చెప్పింది నిజమో, అబద్ధమో... నాకు ఇప్పటికీ తెలియదు. తాత మాత్రం నేను గదిలోకి రాగానే, ముందు నా వెనక్కి చూస్తాడు.